రివ్యూకి వచ్చిన ఫోన్ ఉంచేసుకుంటే పన్ను ఎంత? టెక్ క్రియేటర్ల కోసం లెక్కల గైడ్

టెక్ ఛానల్ పెట్టాలనుకునే వాళ్లు ఏ మైక్ కొనాలి, ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడాలి అని అడుగుతారు. పన్ను గురించి మాత్రం ఎవరూ అడగరు. ఛానల్ కాస్త నిలదొక్కుకుని, బ్రాండ్ల నుంచి బాక్సులు రావడం మొదలయ్యాక ఒకరోజు ఫారం 26ఏఎస్ తెరుస్తారు. అందులో ఒక ఫోన్ కంపెనీ పేరు, పక్కన "194ఆర్" అని ఒక సెక్షన్, ఒక మొత్తం కనిపిస్తాయి. "నాకు వాళ్లు డబ్బులే ఇవ్వలేదు కదా, ఇదేంటి?" అనే డౌట్ అప్పుడు మొదలవుతుంది.

నేను సీఏని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఉద్యోగం చేసుకుంటూ పక్కన రివ్యూలు చేసేవాళ్లకి ఏయే రూల్స్ తగులుతాయో ఒకచోట రాసిపెడదామని ఈ ఆర్టికల్. ఇందులోని అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. కొత్త ఆదాయ పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అక్కడి నుంచి సెక్షన్ నంబర్లు మారతాయి కాబట్టి, నంబర్ కంటే దాని వెనకున్న లాజిక్ గుర్తుపెట్టుకోండి.

ముందుగా, మీ ఆదాయం ఏ రకం?

టెక్ క్రియేటర్‌కి డబ్బు ప్రధానంగా నాలుగు దారుల్లో వస్తుంది.

1. యూట్యూబ్ యాడ్‌సెన్స్. విదేశంలోని గూగుల్ సంస్థ నుంచి నెలనెలా బ్యాంకుకి వస్తుంది.
2. బ్రాండ్ డీల్స్. వీడియోకి ఇంత, రీల్‌కి ఇంత అని ఇక్కడి కంపెనీలో ఏజెన్సీలో ఇస్తాయి.
3. అఫిలియేట్ లింకులు. డిస్క్రిప్షన్‌లో పెట్టిన లింక్ ద్వారా ఎవరైనా కొంటే వచ్చే కమీషన్.
4. వస్తువులు. ఫోన్, ఇయర్‌బడ్స్, వాచ్, లాంచ్ ఈవెంట్ ట్రిప్.

రెగ్యులర్‌గా ఛానల్ నడుపుతుంటే ఈ నాలుగూ "వ్యాపారం లేదా వృత్తి ఆదాయం" కిందికే వస్తాయి. చాలామంది "ఇతర ఆదాయం" అని ఒక గడిలో వేసేసి వదిలేస్తారు. దానివల్ల నష్టం మీకే. వ్యాపార ఆదాయం అని చూపిస్తేనే కెమెరా, లైట్లు, ఇంటర్నెట్, ఎడిటర్‌కి ఇచ్చిన డబ్బు ఖర్చుగా తీసేసుకునే వీలుంటుంది. 2024-25 ఆదాయానికి వేసిన రిటర్నుల నుంచి ఐటీఆర్-3, ఐటీఆర్-4 ఫారాల్లో సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్లకి 16021 అని ప్రత్యేకంగా ఒక కోడ్ కూడా పెట్టారు.

నాలుగో దారి గురించే జనానికి తక్కువ తెలుసు. అందుకే దాన్నే ముందు చూద్దాం.

రివ్యూ యూనిట్: వెనక్కిస్తే ఒక లెక్క, ఉంచుకుంటే ఇంకో లెక్క

2022 జులై 1 నుంచి 194ఆర్ అనే సెక్షన్ అమల్లోకి వచ్చింది. వ్యాపారం లేదా వృత్తి చేసే వ్యక్తికి ఏ కంపెనీ అయినా వస్తువు రూపంలో లాభం ఇస్తే, ఏడాది మొత్తం విలువ 20,000 రూపాయలు దాటితే, కంపెనీ 10 శాతం టీడీఎస్ కట్టించాలి. ఇది గిఫ్ట్, ఇది శాంపిల్ అని ఏ పేరు పెట్టినా తేడా ఉండదు.

దీని మీద సీబీడీటీ 2022 జూన్‌లో సర్క్యులర్ నంబర్ 12 ఇచ్చింది. అందులో సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్ల గురించి నేరుగా ఒక ప్రశ్న, జవాబు ఉన్నాయి. కారు, మొబైల్, బట్టలు, కాస్మెటిక్స్ లాంటి వస్తువుని పని కోసం వాడి కంపెనీకి తిరిగి ఇచ్చేస్తే అది లాభం కాదు, 194ఆర్ వర్తించదు. తిరిగి ఇవ్వకుండా ఉంచుకుంటే లాభమే, టీడీఎస్ వర్తిస్తుంది. మన పనికి సంబంధించి ఇంత స్పష్టంగా ఉన్న రూల్ ఇంకోటి లేదు.

విలువ ఎలా కడతారు? ఆ ఫోన్ కంపెనీ సొంత తయారీ అయితే, మామూలు కస్టమర్లకి అమ్మే ధర. బయట కొని ఇచ్చినదైతే కొన్న ధర. రెండు సందర్భాల్లోనూ జీఎస్టీని కలపరు.

మరి డబ్బే లేని చోట 10 శాతం ఎలా కోస్తారు? రెండు పద్ధతులున్నాయి. మొదటిది, ఆ పన్ను మీరే అడ్వాన్స్ ట్యాక్స్‌గా కట్టి, చలాన్ కాపీతో డిక్లరేషన్ ఇస్తే కంపెనీ వస్తువు వదులుతుంది. రెండోది, కంపెనీయే తన జేబులోంచి కడుతుంది. అప్పుడు ఆ పన్ను కూడా మీకిచ్చిన లాభమే అవుతుంది. 80,000 రూపాయల ఫోన్ అనుకుంటే, మీ 26ఏఎస్‌లో 80,000 కాకుండా 88,889 రూపాయల లాభం, 8,889 రూపాయల టీడీఎస్ కనిపిస్తాయి. "ఫోన్ రేటు కంటే ఎక్కువ ఎందుకు చూపించారు?" అని కంగారు పడక్కర్లేదు, కారణం ఇదే.

ఇక్కడ చాలామంది పొరబడే పాయింట్ ఒకటుంది. 20,000 అనేది టీడీఎస్ పరిమితి మాత్రమే, పన్ను మినహాయింపు కాదు. 6,000 రూపాయల ఇయర్‌బడ్స్ ఉంచుకుంటే టీడీఎస్ ఉండదు. కానీ వృత్తి వల్ల వచ్చిన లాభం ఏ రూపంలో ఉన్నా ఆదాయమే అని సెక్షన్ 28 చెబుతుంది. అంటే రిటర్నులో చూపించాల్సిన బాధ్యత అలాగే ఉంటుంది.

లాంచ్ ఈవెంట్లకి వేరే ఊరు తీసుకెళ్తే? టికెట్, హోటల్ బిల్లు కంపెనీ పేరు మీదే ఉండి, మీరు పని మీద వెళ్లొస్తే సాధారణంగా ఇబ్బంది లేదు. పనయ్యాక కంపెనీ ఖర్చుతో ఇంకో నాలుగు రోజులు ఉండిపోవడం, ఇంట్లోవాళ్లని కూడా తీసుకెళ్లడం మాత్రం లాభం లెక్కలోకి వస్తాయి.

80,000 ఫోన్‌కి 67,600 పన్నా?

వింటే నమ్మబుద్ధి కాదు గానీ, ఒక పరిస్థితిలో ఇది నిజంగా జరుగుతుంది. లెక్క చూద్దాం.

కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల మీద 5 శాతం, 8 నుంచి 12 మీద 10, 12 నుంచి 16 మీద 15, 16 నుంచి 20 మీద 20, 20 నుంచి 24 మీద 25, ఆపైన 30 శాతం. మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేట్ వల్ల పన్ను సున్నా అవుతుంది.

ఒక ఉద్యోగి కమ్ యూట్యూబర్‌ని ఊహించుకోండి. జీతం 9,50,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 8,75,000. ఛానల్ మీద ఖర్చులు పోను మిగిలింది 3,10,000. మొత్తం 11,85,000. పన్ను సున్నా. సంవత్సరం చివర్లో ఒక బ్రాండ్ జీఎస్టీ కాకుండా 80,000 విలువైన ఫోన్ పంపి "ఉంచేసుకోండి" అంది. ఇప్పుడు మొత్తం ఆదాయం 12,65,000. రిబేట్ పోయింది.

శ్లాబుల ప్రకారం పన్ను 69,750. అయితే 12 లక్షలు కొద్దిగా దాటినవాళ్లకి మార్జినల్ రిలీఫ్ అని ఒకటుంది. 12 లక్షల పైన ఎంత ఉందో, అంతకు మించి పన్ను వేయరు. ఇక్కడ ఆ మొత్తం 65,000. దానికి 4 శాతం సెస్ కలిపితే 67,600 రూపాయలు. టీడీఎస్‌గా ముందే 8,000 వెళ్లి ఉంటే, మిగతా 59,600 జేబులోంచి తీయాలి.

ఫోన్‌ని ఛానల్ పనికే వాడుతుంటే కొంత ఊరట ఉంది. ఆ విలువని ఆదాయంగా చూపించి పన్ను లెక్కలోకి తెచ్చాక, దాన్ని ఆ ఫోన్ ఖరీదుగా భావించి తరుగుదల తీసుకోవచ్చని సీబీడీటీ 2022 సెప్టెంబర్‌లో ఇచ్చిన 18వ సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. తరుగుదల 15 శాతం, అంటే 12,000 తీసేస్తే ఆదాయం 12,53,000కి, పన్ను సెస్‌తో కలిపి 55,120కి తగ్గుతుంది. ఆ ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే తరుగుదల సగమే.

అందరికీ ఇలా అవుతుందా? కాదు. మొత్తం 10 లక్షల దగ్గర ఉన్నవాళ్లకి అదే ఫోన్ మీద పన్ను సున్నా. 15 శాతం శ్లాబు మధ్యలో ఉన్నవాళ్లకి సెస్‌తో 12,480. 30 శాతంలో ఉన్నవాళ్లకి 24,960. అందుకే "ఈ ఫోన్ ఉంచుకోవాలా, తిప్పి పంపాలా?" అనేది స్పెక్స్ చూసి తేల్చే విషయం కాదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మీ మొత్తం ఎక్కడుందో చూసుకుని తేల్చండి.

బాక్స్ తెరవకముందే ఒక మెయిల్ పెట్టండి

నా ఇంజినీరింగ్ బ్యాచ్‌మేట్ ఒకడికి చిన్న ఛానల్ ఉంది. ఒక ఆడియో బ్రాండ్ పీఆర్ ఏజెన్సీ వాడికి స్పీకర్ పంపింది. రివ్యూ అయ్యాక వాడు దాన్ని వెనక్కి పంపేశాడు. సంవత్సరం తర్వాత చూస్తే 26ఏఎస్‌లో ఆ స్పీకర్ విలువ మీద 194ఆర్ ఎంట్రీ ఉంది. ఏజెన్సీలో అప్పటికి మనుషులు మారిపోయారు, వెనక్కొచ్చినట్టు రికార్డ్ లేదన్నారు. వాడి దగ్గర కొరియర్ రసీదు, సీరియల్ నంబర్‌తో తీసిన ప్యాకింగ్ ఫొటో ఉన్నాయి కాబట్టి కంపెనీ టీడీఎస్ రిటర్నుని సవరించింది. అవి లేకపోతే వాడు లేని స్పీకర్‌కి పన్ను కట్టేవాడు.

కాబట్టి యూనిట్ తీసుకునే ముందు మూడు ప్రశ్నలతో ఒక మెయిల్ చాలు. ఈ యూనిట్ తిరిగి పంపాలా, ఉంచుకోవచ్చా? ఉంచుకోవచ్చంటే 194ఆర్ కోసం విలువ ఎంత చూపిస్తారు? ఆ పన్ను మీరు కడతారా, నన్ను కట్టమంటారా? వాట్సాప్ కాల్‌లో మాట ఇచ్చేస్తే తర్వాత చూపించడానికి ఏమీ ఉండదు. మెయిల్‌లోనే అడగండి.

దీనితో పాటు ఒక షీట్ మెయింటెయిన్ చేయండి. కాలమ్స్ ఇవి: తేదీ, బ్రాండ్, మోడల్, ఐఎంఈఐ లేదా సీరియల్ నంబర్, తిరిగి పంపిన తేదీ, కొరియర్ ట్రాకింగ్ నంబర్, ఉంచుకుంటే విలువ, టీడీఎస్. యూనిట్‌కి రెండు నిమిషాల పని.

యాడ్‌సెన్స్: అమెరికా వాటా మర్చిపోవద్దు

తెలుగు ఛానల్స్‌కి అమెరికా నుంచి వచ్చే వ్యూస్ తక్కువేం కాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు చూసిన ప్రతి యాడ్ మీదా అమెరికా పన్ను ఉంటుంది. 2021 జూన్ నుంచి గూగుల్ ఈ పన్ను కోస్తోంది. ఎంత కోస్తుందనేది మీరు యాడ్‌సెన్స్‌లో ట్యాక్స్ వివరాలు ఇచ్చారా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

నెలకి 1,000 డాలర్లు వచ్చి, అందులో అమెరికా వ్యూయర్ల వాటా 100 డాలర్లు అనుకుందాం. డబ్ల్యూ-8బెన్ ఫారం నింపి, భారత్-అమెరికా పన్ను ఒప్పందం క్లెయిమ్ చేస్తే 100 డాలర్ల మీద 15 శాతం, అంటే 15 డాలర్లు పోతాయి. ఫారం నింపి ఒప్పందం క్లెయిమ్ చేయకపోతే 30 డాలర్లు. ఫారమే ఇవ్వకపోతే మొత్తం 1,000 డాలర్ల మీద 24 శాతం, 240 డాలర్లు. పావుగంట పనికి నెలకి 225 డాలర్ల తేడా. ఫారంలో విదేశీ ట్యాక్స్ నంబర్ అడిగిన చోట మీ పాన్ ఇవ్వాలి. దీనికి కాలపరిమితి ఉంటుంది, సుమారు మూడేళ్లకి గూగుల్ మళ్లీ అడుగుతుంది. ఆ మెయిల్‌ని ప్రమోషన్ అనుకుని వదిలేయకండి.

అమెరికాలో పోయిన ఆ 15 శాతాన్ని ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవచ్చు. దానికి ఫారం 67 ఆన్‌లైన్‌లో ఇవ్వాలి, రిటర్ను ఐటీఆర్-3లో వేయాలి. యాడ్‌సెన్స్‌లోనే ఉండే ట్యాక్స్ డాక్యుమెంట్ డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. ఆదాయంగా చూపించాల్సింది మాత్రం కోత ముందు మొత్తం. బ్యాంకులో పడినంతే చూపించి, పైగా క్రెడిట్ కూడా అడిగితే లెక్క తప్పుతుంది.

ఇంకో మాట. అమ్మ పేరు మీదో అన్నయ్య పేరు మీదో యాడ్‌సెన్స్ అకౌంట్ తెరిచేవాళ్లు ఉన్నారు. పన్ను శాఖ రికార్డుల్లో ఆదాయం ఎవరి పాన్ మీద కనిపిస్తే నోటీసు వాళ్లకే వస్తుంది. మీకు 18 నిండితే మీ పేరు మీదే నడపండి.

ఖర్చులు చూపించాలా, సగం లెక్క వేయాలా?

రెండు దారులున్నాయి.

అసలు ఖర్చులు చూపించడం మొదటిది. లాప్‌టాప్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద ఏడాదికి 40 శాతం తరుగుదల, కెమెరా, లెన్స్, లైట్ల మీద 15 శాతం. రివ్యూ కోసం మీ డబ్బుతో కొన్న ఫోన్లు, ఎడిటర్ ఫీజు, క్లౌడ్ స్టోరేజ్, ఇంటర్నెట్ బిల్లులో ఛానల్ వాటా, ఇవన్నీ వస్తాయి. సొంత వాడకం ఉన్న వస్తువుకి ఆ మేరకు తగ్గించాలి. ఒకే రోజు ఒకరికి 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు చెల్లదు, కాబట్టి యూపీఐ వాడండి.

రెండోది ఊహాత్మక ఆదాయ పద్ధతి. నిర్దేశిత వృత్తుల వాళ్లు 44ఏడీఏ కింద వచ్చినదాంట్లో సగం లాభం అని చూపిస్తే లెక్కల పుస్తకాలు అక్కర్లేదు. పరిమితి 50 లక్షలు. నగదు 5 శాతం మించకపోతే 75 లక్షలు. వ్యాపారాలకైతే 44ఏడీ ఉంది, డిజిటల్‌గా వచ్చిన దాని మీద 6 శాతం లాభం చూపిస్తే చాలు. కానీ కమీషన్ ఆదాయానికి 44ఏడీ వర్తించదు. యూట్యూబర్ పని ఏ గడిలో పడుతుందన్నది సీఏల మధ్యే చర్చ ఉన్న విషయం. కేవలం 6 శాతం చూపిస్తే పన్ను పోతుందని ఏదో రీల్‌లో విని ఫారం నింపేయకండి. ఈ ఒక్క ప్రశ్న కోసమైనా సీఏ దగ్గరికి వెళ్లడం మంచిది.

ఉద్యోగం ఒక్కటే ఉన్నప్పుడు పాత, కొత్త పన్ను విధానాల మధ్య ఏటా మారే స్వేచ్ఛ ఉంటుంది. ఛానల్ ఆదాయం వ్యాపారంగా చూపించాక అది ఉండదు. ఫారం 10-ఐఈఏ ఇచ్చి పాతదానికి వెళ్లి, మళ్లీ కొత్తదానికి వచ్చారంటే, వ్యాపార ఆదాయం ఉన్నంతకాలం ఇంక పాతదానికి వెళ్లలేరు.

మార్చి 15 తేదీ గుర్తుందా?

జీతం మీద కంపెనీ టీడీఎస్ కోసేస్తుంది కాబట్టి మనకి అడ్వాన్స్ ట్యాక్స్ అలవాటు ఉండదు. టీడీఎస్‌లు పోను ఇంకా కట్టాల్సింది 10,000 లేదా అంతకు మించి ఉంటే వాయిదాల్లో ముందే కట్టాలి. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి మొత్తం. ఊహాత్మక పద్ధతి ఎంచుకున్నవాళ్లు మార్చి 15లోపు ఒకేసారి కట్టొచ్చు. ఆలస్యానికి నెలకి 1 శాతం వడ్డీ.

ఉద్యోగులకి ఒక సులువైన దారి ఉంది. ఛానల్ ఆదాయాన్ని ఆఫీసులో డిక్లేర్ చేస్తే జీతంలోంచే ఆ టీడీఎస్ కూడా కోస్తారు. అయితే పక్క ఆదాయం గురించి మీ ఆఫర్ లెటర్‌లో ఏం రాసి ఉందో ముందు చదవండి. కొన్ని కంపెనీలు ముందస్తు అనుమతి అడుగుతాయి.

జీఎస్టీ ఎప్పుడు?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింట్లోనూ సేవలకి పరిమితి ఏడాదికి 20 లక్షలు. ఇది లాభం కాదు, మొత్తం వచ్చిన బిల్లింగ్. జీతం ఇందులో కలవదు. కానీ యాడ్‌సెన్స్ కలుస్తుంది. యాడ్‌సెన్స్ 14 లక్షలు, బ్రాండ్ డీల్స్ 7 లక్షలు ఉంటే మీరు పరిమితి దాటినట్టే.

రిజిస్టర్ అయ్యాక బ్రాండ్ బిల్లుల మీద 18 శాతం వేయాలి. విదేశం నుంచి డాలర్లలో వచ్చేది, షరతులన్నీ సరిపోతే, సేవల ఎగుమతి. ప్రతి ఆర్థిక సంవత్సరం ఎల్‌యూటీ దాఖలు చేస్తే దాని మీద పన్ను వేయక్కర్లేదు. డాలర్లు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే పత్రాలు దాచండి.

రేటు చెప్పేటప్పుడు "ప్లస్ జీఎస్టీ" అని రాయడం అలవాటు చేసుకోండి. అన్నీ కలిపి 50,000 అని ఒప్పుకుంటే అందులో 7,627 రూపాయలు ప్రభుత్వానివి. మీకు మిగిలేది 42,373.

ఈ వీకెండ్ చేయాల్సినవి

1. ఛానల్ డబ్బు కోసం విడిగా ఒక బ్యాంకు అకౌంట్.
2. ఆదాయ పన్ను పోర్టల్‌లో లాగిన్ అయి 26ఏఎస్, ఏఐఎస్ రెండూ చూడటం. తెలియని 194ఆర్ ఎంట్రీ ఉంటే ఇప్పుడే ఆ కంపెనీకి మెయిల్.
3. యాడ్‌సెన్స్‌లో అమెరికా ట్యాక్స్ వివరాలు ఉన్నాయా, గడువు ఎప్పటివరకు అని చెక్.
4. మీ దగ్గర ప్రస్తుతం ఉన్న ప్రతి రివ్యూ యూనిట్ షీట్‌లో ఎక్కించడం. తిరిగి ఇవ్వాల్సినవి ఉంటే మార్చి 31లోపు కొరియర్ చేసేయడం.
5. మొత్తం ఆదాయం 12 లక్షలకి దగ్గరగా ఉంటే, ఇంకో ఫోన్ ఉంచుకునే ముందు పైన ఉన్న లెక్కలో మీ అంకెలు వేసి చూడటం.

బ్రాండ్లు మెయిల్‌లో ఇది ఉచితం అనే రాస్తాయి. ఆ ఫోన్‌కి మీ శ్లాబులో ఎంత పడుతుందో లెక్కేశాకే అడ్రస్ పంపండి.